కిలోన్నర ఇంజన్, యాభై టన్నుల బరువు

బొమ్మలాడిన తెర – 6వ భాగం

1953 జూన్ 14, ఆదివారం. రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం జరిగి పన్నెండు రోజులే అయింది. ఆ ఉత్సవాన్ని ఇంట్లో కూచుని చూద్దామని బ్రిటన్‌లో చాలామంది అప్పుడే టీవీ కొన్నారు. పెట్టె కొత్తది, చూసేవాళ్లు కొత్తవాళ్లు, చూపించేవాళ్ల అనుభవమూ అంతంత మాత్రమే. ఆ రోజు పిల్లల కోసం బీబీసీ లండన్‌లోని లైమ్ గ్రోవ్ స్టూడియో నుంచి ఒక రైలు కథ ప్రసారం చేసింది. వానలో తడిస్తే తన పచ్చరంగు పాడవుతుందని సొరంగంలో దూరి, ఎవరెంత చెప్పినా బయటికి రానని భీష్మించిన హెన్రీ అనే ఇంజన్ కథ అది. ముందుగా తీసి పెట్టుకున్న ఫిల్మ్ కాదు. స్టూడియోలో చిన్న పట్టాల మీద ఆటరైళ్లు నడుస్తుంటే కెమెరాలు అక్కడికక్కడే చూపిస్తున్నాయి. తప్పు జరిగితే దిద్దుకునే వీల్లేదు.

తప్పు జరగనే జరిగింది. బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మళ్లించే పాయింట్లు ఎవరో సరిగా మార్చలేదు. ఇంజన్ పట్టాలు తప్పి పక్కకు ఒరిగింది. చూస్తున్న పిల్లలు ఏమైందో అనుకునేలోపే తెరమీదికి ఓ మనిషి చెయ్యి వచ్చింది. ఇంజన్‌ను వేళ్లతో పట్టుకుని ఎత్తి, మళ్లీ పట్టాల మీద పెట్టి వెళ్లిపోయింది.

నిజం రైలింజన్ పట్టాలు తప్పితే క్రేన్ రావాలి, గ్యాంగ్‌మన్లు రావాలి, లైన్ గంటల తరబడి ఆగిపోవాలి. ఇక్కడ ఓ చెయ్యి చాలింది. ఆ ఒక్క క్షణంలో హెన్రీకి ఉన్న మొండితనం, అలక, రంగు మీద మమకారం అన్నీ ఎగిరిపోయాయి. మిగిలింది దుకాణంలో దొరికే బొమ్మ. ఈ ఉదంతం పత్రికలకెక్కింది. కథ రాసిన రెవరెండ్ విల్బర్ట్ ఆడ్రీ మండిపడ్డారు. ఆ ప్రయత్నం త్వరలోనే అటకెక్కింది. అదే కథ, అదే హెన్రీ, అదే సొరంగం 31 ఏళ్ల తరవాత మళ్లీ తెరకెక్కి నిలబడ్డాయి. ఈ రెండు ప్రయత్నాల మధ్య తేడా ఏమిటన్నదే ఈ భాగం.

ఆడ్రీ చర్చి పూజారి. 1911లో పుట్టారు. చిన్నతనంలో వాళ్ల కుటుంబం విల్ట్‌షైర్‌లోని బాక్స్ అనే ఊళ్లో, గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారి లైన్‌కు దగ్గర్లో ఉండేది. అక్కడ సొరంగంలోకి ఎక్కేటప్పుడు లైన్ ఎత్తుగా ఉంటుంది. రాత్రిపూట బరువైన గూడ్స్ బండి వస్తే ఒక్క ఇంజన్ లాగలేదు, వెనక నుంచి ఇంకో ఇంజన్ తోయాలి. ముందు ఇంజన్ ఈల వేస్తుంది, వెనక ఇంజన్ బదులిస్తుంది, తరవాత రెండూ కలిసి ఆయాసపడుతూ ఎక్కుతాయి. పక్కమీద పడుకుని ఆ చప్పుడు వింటున్న పిల్లవాడికి అవి రెండూ మాట్లాడుకుంటున్నట్టే అనిపించేదట. ఆయన కథల్లో ఇంజన్లు మాట్లాడడం అక్కడ మొదలైంది. ఆ మాటలకు మూలం బరువు మోసే కష్టమని గుర్తుంచుకోవాలి.

యుద్ధకాలంలో ఆయన బర్మింగ్‌హాం శివారు కింగ్స్ నార్టన్‌లో పనిచేస్తుండగా కొడుకు క్రిస్టఫర్‌కు తట్టు పోసింది. చీకటి గదిలో మంచం మీదున్న బిడ్డకు చెప్పిన కథలే 1945లో ‘ది త్రీ రైల్వే ఇంజన్స్’ పుస్తకంగా వచ్చాయి. కథ విన్న పిల్లవాడు పెద్ద ఇంజన్ గోర్డన్ బొమ్మ కావాలని అడిగాడు. యుద్ధం రోజుల్లో సామాను ఎక్కడ దొరుకుతుంది? చీపురు కర్ర ముక్క, ఇంట్లో పడున్న చెక్క తునకలు పెట్టి తండ్రి ఒక చిన్న ట్యాంక్ ఇంజన్ చేసిచ్చాడు. దానికి పెట్టిన పేరు థామస్. 1946లో రెండో పుస్తకం దాని పేరుమీదే వచ్చింది. ఆ పుస్తకానికి బొమ్మలు వేసిన రెజినాల్డ్ పేన్, బ్రైటన్ లైన్‌లో తిరిగిన ఇ2 తరగతి ఇంజన్‌ను నమూనాగా తీసుకున్నాడు. ఆ తరగతిలో కట్టినవి పదే పది. 1960ల మొదట్లోనే అన్నీ తుక్కు కింద పోయాయి. అసలు ఇంజన్ ఒక్కటీ మిగల్లేదు, నకలు మాత్రం లోకమంతా తిరుగుతోంది.

బీబీసీ ఎదురుదెబ్బ తరవాత రెండు దశాబ్దాలు ఈ కథలు బొమ్మరైళ్లతో మళ్లీ తెరకెక్కలేదు. 1973లో సంగీత దర్శకుడు ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ వచ్చాడు. గ్రనాడా టెలివిజన్ కోసం ఒక నమూనా భాగం కూడా తయారైంది, కానీ పని అక్కడే ఆగింది. ఆయన మాత్రం రైళ్లను వదల్లేదు. అదే ఊపు తరవాత ‘స్టార్‌లైట్ ఎక్స్‌ప్రెస్’ అనే సంగీత నాటకంగా మారింది. ఆయన కంపెనీకి ‘రియల్లీ యూజ్‌ఫుల్’ అన్న పేరు కూడా ఆడ్రీ పుస్తకాల్లోదే.

అసలు మలుపు 1979లో వచ్చింది. ససెక్స్‌లో ఔత్సాహికులు నడిపే బ్లూబెల్ రైల్వే మీద ఒక కార్యక్రమం తీస్తూ బ్రిట్ ఆల్‌క్రాఫ్ట్ అనే టీవీ నిర్మాత ఆడ్రీని కలుసుకున్నారు. ఈ ఇంజన్ల మధ్య ఉన్నది పిల్లల మధ్య ఉండే పేచీలు, పంతాలు, రాజీలేనని ఆమెకు తోచింది. అక్కణ్ణుంచి హక్కులు కొనడానికి, డబ్బు సమకూర్చడానికి, తీసేవాళ్లను వెతుక్కోడానికి ఐదేళ్లు పట్టింది. దొరికినవాళ్లు క్లియర్‌వాటర్ ఫీచర్స్ అనే చిన్న కంపెనీ నడిపే డేవిడ్ మిటన్, రాబర్ట్ కార్డోనా.

మిటన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలిస్తే మిగతా కథ సగం అర్థమవుతుంది. 1960ల్లో స్లౌ పట్టణంలో గెర్రీ ఆండర్సన్ బృందం ‘థండర్‌బర్డ్స్’ తీసింది. రాకెట్లు, మంటలు, కూలిపోయే వంతెనలన్నీ డెరెక్ మెడింగ్స్ పర్యవేక్షణలో చిన్న బొమ్మలతో తీశారు. ఆ స్పెషల్ ఎఫెక్ట్స్ పనిలో మిటన్ కూడా ఉన్నాడు. అక్కడి పాత్రలు తీగలతో ఆడే బొమ్మలు. రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంటే, తలలో పెట్టిన సొలెనాయిడ్ దానికి తగ్గట్టు కింది పెదవిని ఆడించేది. అంటే పెదవులు ఆడించే పద్ధతి మిటన్‌కు కొత్త కాదు. అయినా థామస్‌కు అతను పెదవులు ఆడనివ్వలేదు. చేతకాక వదిలేసింది కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

పెదవి ఆడితే ప్రతి మాటకూ ఒక గొంతు కావాలి, ప్రతి అక్షరానికీ యంత్రం కదలాలి, కెమెరా ముఖం మీదే ఉండిపోవాలి. పెదవి ఆడకపోతే చెప్పే పని కథకుడిది. హరిదాసు ఒక్కడే రాముడూ రావణుడూ సీతా అయినట్టు, మొదటి రెండు సీరీస్‌లలో ఇంజన్లన్నిటికీ ఒకే గొంతు వినిపించింది. అది బీటిల్స్ బృందంలో డ్రమ్స్ వాయించిన రింగో స్టార్‌ది. లివర్‌పూల్ యాస, పెద్దగా ఆవేశం లేని చదువు. తరవాత బ్రిటన్‌లో ఆ బాధ్యత మైకేల్ ఆంజెలిస్ తీసుకున్నాడు. అతనిదీ లివర్‌పూలే. కథకుడు మాట్లాడుతున్నంత సేపూ ఇంజన్ తన పని తాను చేసుకుపోవచ్చు.

ఇక బొమ్మల దగ్గరికి వద్దాం. ఇంటి బల్లమీద పెట్టుకునే మామూలు ఆటరైళ్ల పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో ఆ కొలతకు ఇంజన్‌ను అసలుకు 76వ వంతుగా చేస్తారు. మిటన్ బృందం దాన్ని కాదని గేజ్ 1 ఎంచుకుంది. అంటే పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు, బొమ్మ అసలుకు 32వ వంతు. అసలు బ్రిటిష్ రైలు పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు, లెక్క సరిగ్గా సరిపోతుంది. ఈ కొలతలో థామస్ పొడవు అడుగుకు అటూఇటూ ఉంటుంది. చేతిలో పట్టుకుంటే చిన్నదే, కానీ లోపల మోటారు, పొగ పెట్టె, కళ్ల యంత్రం పట్టడానికి కావలసిన చోటు దొరుకుతుంది.

చక్రాలు, మోటారు ఉండే అడుగు భాగాన్ని వాళ్లు సొంతంగా తయారు చెయ్యలేదు. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ గేజ్ 1లో మంచి ఇంజన్లు చేస్తుంది. వాటి అడుగు భాగాలు తీసుకుని, పైన తమ పాత్రల పైభాగాలు కూర్చారు. థామస్ కింద ఉన్నది మార్క్లిన్ వారి 80వ తరగతి జర్మన్ షంటింగ్ ఇంజన్ చట్రం. ఇంగ్లండు బ్రైటన్ లైన్ ఇంజన్ పైభాగం, జర్మన్ కాళ్లు. రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు చక్రాల అమరిక చూసి ఇది ఇ2 కాదని ఇట్టే పట్టేస్తారు. పిల్లలకు ఆ గొడవ లేదు.

ముఖం తయారీలో పనితనం ఉంది. ముందు బంకమట్టితో ఒక ముఖం మలుస్తారు. దానిమీద అచ్చు తీసి, అచ్చులో రెసిన్ పోసి, గట్టిపడ్డాక తీసి, బూడిదరంగు వేస్తారు. నవ్వు ముఖం ఒకటి, కోపం ముఖం ఒకటి, దిగులుది ఒకటి, ఆశ్చర్యానిది ఒకటి, కళ్లు మూసుకుని నిద్రపోయేది ఇంకొకటి. ఇలా ఒక్కో ఇంజన్‌కు ఒక డబ్బాడు ముఖాలు. ఒక షాట్ అయిపోయాక కెమెరా ఆపుతారు, ముందున్న ముఖం ఊడదీసి వేరేది తగిలిస్తారు, తరవాత షాట్ తీస్తారు. కాబట్టి ఒక షాట్‌లో ముఖం మారదు. గర్వంగా బయల్దేరిన గోర్డన్ కొండ ఎక్కలేక ఆగిపోయినప్పుడు, ఆ దృశ్యం అయ్యేదాకా అదే గర్వం ముఖం మీద ఉండిపోతుంది. తరవాతి షాట్‌లోనే వాడిపోతుంది. ఆ కాస్త ఆలస్యం పిల్లలకు నవ్వు తెప్పిస్తుంది.

ముఖం మారకపోయినా కళ్లు కదులుతాయి. ప్రాణమంతా అక్కడే. రెసిన్ ముఖంలో కళ్లకు రంధ్రాలుంటాయి. ముఖం వెనక, బాయిలర్ ముందు భాగంలో, రెండు కనుగుడ్లూ ఒకే కడ్డీతో తిరిగే చిన్న యంత్రం ఉంటుంది. రేడియో కంట్రోల్‌తో దూరం నుంచే నడుపుతారు. విమానాల బొమ్మలు ఎగరేసేవాళ్ల చేతిలో ఉండే రిమోట్ లాంటిదే పట్టుకుని ఒకతను సెట్ పక్కన నిలబడతాడు. ఇంజన్ నడిపే మనిషి వేరు, కళ్లు నడిపే మనిషి వేరు. ఇంజన్ స్టేషన్‌లోకి వస్తుంటే కళ్లు ముందు ప్లాట్‌ఫారం వైపు తిరుగుతాయి, ఆగిన తరవాత నెమ్మదిగా పక్క లైన్‌లో ఉన్న ఇంకో ఇంజన్ వైపు జారతాయి. మాట లేదు, పెదవి లేదు. ఆ ఓరచూపు చాలు, ఇప్పుడు పేచీ మొదలవుతుందని పిల్లవాడికి తెలిసిపోతుంది. ‘థండర్‌బర్డ్స్’ బొమ్మల కదలికల్లో ఏదీ ఇంత పొదుపుగా వాడినది కాదు.

మనుషుల బొమ్మల సంగతి మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. రైల్వేను నడిపే ఫ్యాట్ కంట్రోలర్, డ్రైవర్లు, ప్లాట్‌ఫారం మీద ప్రయాణికులు కదలని బొమ్మలు. చేయి ఎత్తి ఉంటే ఎత్తే ఉంటుంది. ఈ లోకంలో ప్రాణం ఇంజన్లకే, మనుషులు అలంకారం. కథ ఎవరిదో పిల్లలకు ఇంత సూటిగా చెప్పే పద్ధతి మరోటి ఉండదు.

ఇప్పుడు బరువు లెక్క. ఇ2 ఇంజన్ బరువు యాభై టన్నులకు పైమాటే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 32వ వంతుకు తగ్గితే బరువు 32ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 32,768వ వంతుకు తగ్గుతుంది. యాభై టన్నులను దాంతో భాగిస్తే వచ్చేది కిలోన్నర. ఆ కిలోన్నర బొమ్మను యాభై టన్నుల ఇనుముగా నమ్మించడమే ఈ వృత్తి అసలు చిక్కు. 1953లో ఆ చెయ్యి బయటపెట్టింది ఈ తేడానే.

భూమి ఆకర్షణకు బొమ్మ, అసలు అన్న భేదం లేదు. నిజమైన బండి తొమ్మిదిన్నర మీటర్ల ఎత్తు నుంచి పడితే నేల తాకడానికి 1.4 సెకన్లు పడుతుంది. దాని 32వ వంతు, అంటే 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి బొమ్మ పడితే పావు సెకను. కంటికి ఆ పావు సెకను చాలు, ఇది తేలిక బొమ్మ అని చెప్పడానికి. దీనికి మందు కెమెరాలో ఉంది. ఫిల్మ్‌ను మామూలు కంటే వేగంగా తిప్పి తీసి, మామూలు వేగంలో చూపిస్తే కదలిక నెమ్మదిస్తుంది. ఎంత వేగమన్నదానికి సూత్రం ఉంది: కొలత తగ్గినంతకు వర్గమూలం. 32కు వర్గమూలం 5.66. సెకనుకు 25 ఫ్రేములు చూపించే బ్రిటిష్ టీవీకి సుమారు 140 ఫ్రేముల లెక్కన తీస్తే బొమ్మ పడిపోయే తీరు అసలు బండి పడే తీరుతో సరిపోతుంది. దుమ్ము లేవడం, ఇటుకలు విరగడం, వ్యాగన్లు ఒకదానిమీదొకటి ఎక్కడం అన్నీ బరువు తెచ్చుకుంటాయి.

ఒక చిక్కు తీరితే ఇంకోటి తయారు. ఫ్రేములు ఐదారు రెట్లయితే ఒక్కో ఫ్రేముకు అందే వెలుగు అంతగా తగ్గుతుంది. పైగా చిన్న వస్తువును దగ్గర నుంచి తీస్తే పొగగొట్టం స్పష్టంగా ఉండి వెనక పెట్టె మసకబారుతుంది. అలా మసకబారితే కన్ను వెంటనే ఇది బొమ్మ అని తేల్చేస్తుంది. ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా ఉండాలంటే కటకం రంధ్రాన్ని బాగా బిగించాలి, అప్పుడు వెలుగు మరింత తగ్గుతుంది. అందుకే ఇలాంటి సెట్ల మీద దీపాలు దండిగా ఉంటాయి, వేడికి రంగులు పెచ్చులూడతాయి, మనుషులు చెమటలు కక్కుతారు. వీళ్లు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీశారు. పిల్లల టీవీకి అది రాజభోగం. టెరెన్స్ పెర్మేన్ ఛాయాగ్రహణం చూసుకున్నాడు. మొదటి సీరీస్ లండన్‌లోని బాటర్‌సీలో, తరవాతివి షెపర్టన్ స్టూడియోలో తయారయ్యాయి.

కెమెరా ఎత్తు కూడా బరువుకు సంబంధించిందే. బల్లమీది బొమ్మను మనిషి నిలబడి చూస్తాడు, అంటే పైనుంచి. నిజమైన ఇంజన్‌ను ప్లాట్‌ఫారం మీద నిలబడి తల ఎత్తి చూస్తాడు. పెద్ద కెమెరాను పట్టాల మట్టానికి దించడం కష్టం కనక, పెరిస్కోప్‌లా వంగిన గొట్టపు కటకాలు వాడి, కన్ను మాత్రం కంకర మీదికి దించారు. ఆ ఎత్తు నుంచి గోర్డన్ వస్తుంటే తెర నిండిపోతుంది.

పొగకు లోపల చిన్న పెట్టెలో నూనెను వేడిచేసి పొగగొట్టం గుండా వదిలేవారు. పొగా నీరూ ఈ వృత్తిలోవాళ్లకు పగవాళ్లు, ఎందుకంటే వాటిని 32వ వంతుకు తగ్గించలేం. నీటి చుక్క ఎక్కడైనా నీటి చుక్కే. రెండో సీరీస్‌లో పెర్సీ అనే చిన్న ఇంజన్ ఓడరేవు చివర ఆగలేక సముద్రంలో పడుతుంది. ఆ దృశ్యంలో నీళ్లు ఎగిరిపడ్డ తీరు జాగ్రత్తగా చూస్తే చుక్కల సైజు అసలు రహస్యం చెప్పేస్తుంది. వేగంగా తీసి నెమ్మదిగా చూపించడం వల్ల చాలామంది గమనించరు, అంతే.

1984 అక్టోబరు 9న ఐటీవీలో థామస్ కార్యక్రమం మొదటి ప్రసారం. 26 భాగాలు, ఒక్కోటి ఐదు నిమిషాల లోపే. మైక్ ఓడానెల్, జూనియర్ క్యాంప్‌బెల్ ఒక్కో ఇంజన్‌కు ఒక్కో వరస కట్టారు. 1953లో పరువు తీసిన హెన్రీ సొరంగం కథ ఈ మొదటి సీరీస్‌లోనే మళ్లీ వచ్చింది. ఈసారి చెయ్యి కనిపించలేదు.

కథల్లో ప్రమాదాలు ఎక్కువే. కానీ ఆడ్రీ వాటిని ఊహించి రాయలేదు. ఏ రైల్వేలోనైనా నిజంగా జరిగినదే రాయాలని ఆయన పట్టు. మొదటి సీరీస్‌లో మంచు తుఫానులో హెన్రీ చేపల బండిని లాగుతూ ముందున్న గూడ్స్‌ను గుద్దేస్తాడు. సిగ్నల్ మంచుకు బిగుసుకుపోయి, దారి ఉన్నట్టు చూపించడం కారణం. 1876 జనవరిలో ఇంగ్లండులోని అబట్స్ రిప్టన్ దగ్గర సరిగ్గా ఇలాగే జరిగింది. మంచుకు సిగ్నల్ చెయ్యి ఇరుక్కుపోయి ఘోర ప్రమాదమైంది. థామస్ గని మీదికి వెళ్లి నేల కుంగి లోపలికి దిగబడిన కథ ఇంకోటి. ఇలాంటిదే 1892లో లిండాల్‌లో జరిగింది. ఫర్నెస్ రైల్వే ఇంజన్ కింద పాత ఇనుప గనుల నేల కుంగింది. టెండర్ (వెనక ఉండే బొగ్గు, నీళ్ల బండి) మాత్రం బయటికి లాగగలిగారు, ఇంజన్ నేటికీ భూమిలోనే ఉంది. పిల్లల కార్యక్రమానికి ఇంత చరిత్ర అవసరమా అంటే, అవసరమే. నిజంగా జరిగినదానికి ఉండే లెక్క కల్పించినదానికి రాదు. బండి ఎక్కడ ఆగుతుంది, ఎటు ఒరుగుతుంది, ఏ వ్యాగన్ ముందు విరుగుతుంది అన్నవి తెలిసి తీసినప్పుడు దృశ్యానికి ఒక నమ్మకం వస్తుంది.

ఈ పట్టుదల వల్ల గొడవలూ వచ్చాయి. 1990ల మొదట్లో వచ్చిన మూడో సీరీస్‌లో కొన్ని కథలు పుస్తకాల్లోవి కావు, టీవీ కోసం కొత్తగా రాసినవి. వాటిలో ఒకదానిలో హెన్రీ అడవి మధ్యలో ఆగి చెట్లు చూస్తూ ఉంటాడు. ఆడ్రీకి ఒళ్లు మండింది. లైన్ మధ్యలో బండిని ఊరికే ఆపడం రైల్వే నిబంధనలకు విరుద్ధమని బహిరంగంగా ఆక్షేపించారు. నవ్వుకోవచ్చు గానీ ఆయన మాటలో విషయం ఉంది. ఇంజన్ తనిష్టం వచ్చినచోట ఆగగలిగితే పట్టాలకు అర్థం లేదు, పట్టాలకు అర్థం లేకపోతే దాని మొండితనానికీ అర్థం లేదు.

ఐదో సీరీస్ (1998) కథలన్నీ ఆల్‌క్రాఫ్ట్, మిటన్ రాసుకున్నవే. దానిలో గోర్డన్ స్టేషన్ గోడ బద్దలుకొట్టుకుని వీధి మీదికి వచ్చి వేలాడే దృశ్యం ఉంది. 1895 అక్టోబరు 22న పారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ బండి బఫర్లు దాటి, గోడ చీల్చుకుని వీధిలో పడ్డ ఫొటో రైల్వే చరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. దాన్నే బొమ్మలతో మళ్లీ కట్టారు. ఇలాంటి దృశ్యాల కోసం గోడను ముందే విరిగేలా తయారుచేసి పెట్టుకోవాలి. ఒకసారి విరిగితే మళ్లీ కట్టడానికి బోలెడు పని, కాబట్టి ఒక్క అవకాశమే. ఆ గోడ పడే తీరు గొప్పగా ఉంటుంది. అయితే ఆ సీరీస్‌లో ప్రమాదాల మోతాదు కాస్త మించిందని చెప్పక తప్పదు. ప్రతి కథలోనూ ఏదో ఒకటి కూలుతుంటే కూలడానికి విలువ తగ్గుతుంది.

ఇంత జాగ్రత్తపరులూ ఒకసారి మధ్యలో చేతులెత్తేశారు. రెండో సీరీస్‌లో డోనాల్డ్, డగ్లస్ అనే కవల ఇంజన్ల పెట్టె తప్పిపోయే కథ చిత్రీకరణ మొదలైంది. ఒకేలా ఉన్న ఇంజన్లు ఒకదాని బదులు ఒకటి వస్తుంటే చిన్నపిల్లలకు ఎవరెవరో తెలియదని ఆల్‌క్రాఫ్ట్ మధ్యలోనే ఆపించారు. దాని స్థానంలో వేరే కథ తీశారు. పెదవులు, వేరువేరు గొంతులు లేని పద్ధతికి ఇది హద్దు. ఆ హద్దు ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

2002లో ఈ కార్యక్రమం హిట్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ చేతికి పోయింది. 2003 తరవాత మిటన్ వెళ్లిపోయాడు. మొదటి సీరీస్ నుంచి బృందంలో ఉన్న స్టీవ్ ఆస్క్విత్ దర్శకత్వం తీసుకున్నాడు. 2008లో వచ్చిన పన్నెండో సీరీస్ ఒక విచిత్రమైన కలయిక. ఇంజన్లు పాతవే, పట్టాల మీద నిజంగా నడిచేవే. ముఖాలు మాత్రం కెనడాలోని వాంకూవర్‌లో నైట్రోజెన్ స్టూడియోస్ కంప్యూటర్‌లో గీసి అతికించినవి. పెదవులు కదిలాయి. నిజమైన బొమ్మ మీద గీసిన ముఖం ఆడుతుంటే రెండూ ఒకదానికొకటి పొసగలేదు. ఆ పద్ధతి ఆ ఒక్క సీరీస్‌తోనే ముగిసింది. మిటన్ అదే ఏడాది మేలో చనిపోయాడు. 2009లో ‘హీరో ఆఫ్ ద రెయిల్స్’ చిత్రం నుంచి అంతా కంప్యూటరే. ఇంజన్లకు నటుల గొంతులు వచ్చాయి. కదలికకు అడ్డు లేదు, వెలుగుకు కొరత లేదు, గోడ ఎన్నిసార్లయినా విరగొట్టుకోవచ్చు.

కంప్యూటర్ పనిని తక్కువ చెయ్యక్కర్లేదు. దానివల్ల కొత్త దేశాల ఇంజన్లు వచ్చాయి. 2016లో వచ్చిన ఆషిమా మన నీలగిరి కొండ రైలును లాగే ఎక్స్ తరగతి ఇంజన్‌ను చూసి గీసింది. ఊటీ బండి ఎక్కినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. ఆ ఇంజన్‌కు చిత్రీకరణ కోసం చేసిన బొమ్మ ఎప్పుడూ లేదు, పుట్టడమే కంప్యూటర్‌లో పుట్టింది. అయితే కంప్యూటర్ ఇంజన్ బరువును ఎవరో లెక్కకట్టి గీయాలి. గీసేవాడు ఏమరుపాటుగా ఉంటే ఇంజన్ గంతులేస్తుంది. షెపర్టన్‌లో ఆ పని భూమే చూసుకునేది. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి రెండు సీరీస్‌లే ముందుంటాయి. గేజ్ 1 పట్టాల మీద గడగడమంటూ ఆగిన ఇంజన్, ఆగిన తరవాత తిరిగిన కళ్లు, వీటిని మించిన పని ఈ రంగంలో తరవాత జరగలేదు.

పాత ఇంజన్లలో కొన్నింటిని స్టాఫర్డ్‌షైర్‌లోని డ్రేటన్ మేనర్ ఉద్యానవనంలో అద్దాల వెనక ప్రదర్శనకు పెట్టారు. అక్కడికి వెళ్లినవాళ్లు అసలు బొమ్మ ఎంత చిన్నదో చూడగలిగారు.

వచ్చే భాగం నీళ్ల మీద. మిటన్, కార్డోనా 1989లో ఓడరేవు లాగుడు పడవలతో ‘టగ్స్’ తీశారు. తీసినవి పదమూడు భాగాలే. ఆ మరుసటి ఏడాది క్లియర్‌వాటర్ మూతపడింది. కార్డోనా ఆ తరవాత కెనడా వెళ్లి ‘థియోడోర్ టగ్‌బోట్’ చేశాడు. చుక్క చిన్నదవని నీటితో వాళ్లెలా వేగారో అప్పుడు చూద్దాం.